తాళపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులం పదకొండు మందిమి రెండు వారాలకోసారి చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం బయట టీ బండి దగ్గర కూడుతుంటాం. తక్కిన రోజుల్లో మాట్లాడుకోవడానికి నాలుగు గదులున్నాయి. ఐఆర్‌సీలో ఒకటి, మ్యాట్రిక్స్‌లో ఒకటి, టెలిగ్రామ్‌లో ఒకటి, ఎవరూ పైకి ఒప్పుకోని వాట్సాప్‌లో ఒకటి. మొదటిది నారాయణగూడలో ఒక మిత్రుడి ఇంటి అటక మీద పాత కంప్యూటర్‌లో నడుస్తోంది. ఆ అటక ఆవకాయ జాడీలకు కావాలని వాళ్ళమ్మగారు అడిగారు. దాంతో మా నిర్వాహకుడు ఈ పద్యం రాసి, సరిగ్గా ఆ గదిలోనే అతికించాడు. ఆయన అశోక్‌నగర్ కోచింగ్ రోజుల్లో సివిల్స్‌కు తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకున్నాడు. ఆ పాపం ఇన్నాళ్ళకు ఇలా పండింది.

మూలం:
మాట లేని గదికి మనమేల కావలి
తాళమేసి పొండు తక్షణంబు
వారమందు నెవడు వలదని పలుకడో
వాడె యొప్పుకొన్నవాడు సుమ్ము

ప్రతిపదార్థం: మాట లేని = ఏడాదిగా ఎవరూ నోరు మెదపని; గదికి = ఛానెల్‌కు; మనము + ఏల = మనం ఎందుకు; కావలి = కాపలా, అనగా అప్‌డేట్లు వేయడం, సర్టిఫికెట్ గడువు చూసుకోవడం, స్పాము ఊడ్వడం, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అటకెక్కడం; తాళమేసి = తాళము వేసి (వకారం ఏమైందని అడగరాదు, ఈ పేటల్లో తాళం వేసేవాడు లేడు, ఏసేవాడే); తక్షణంబు = వెంటనే, అనగా వారం తరువాత; పొండు = వెళ్ళండి; వారమందు = ఏడు రోజుల్లోగా; ఎవడు = ఏ సభ్యుడు; వలదని = వద్దని; పలుకడో = అనడో; వాడె = వాడే; ఒప్పుకొన్నవాడు = సమ్మతించినవాడు; సుమ్ము = పాదం నిండడానికి. కవి ఇక్కడ నవ్వాడని ఇంకొకరి వ్యాఖ్య.

తాత్పర్యం: గది మూసేస్తున్నాం.

విశేషాలు: 'మాట లేని' అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఐఆర్‌సీ 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలులో పుట్టింది. దాని స్వభావం వాట్సాప్ తరానికి వింత. నువ్వు లేనప్పుడు జరిగిన మాట నీ కోసం ఆగదు, పోయిందంటే పోయిందే. అందుకని పాతకాపులు తాము నిద్రపోయినా తమ పేరు గదిలో మేలుకొని ఉండేలా ఏర్పాటు చేసుకుంటారు. మా గదిలో అలాంటి పేర్లు తొమ్మిది. గ్రంథాలయంలో చూడండి, గ్రూప్స్ అభ్యర్థి కుర్చీ మీద లక్ష్మీకాంత్ పుస్తకం, నీళ్ళ సీసా పెట్టి టీకి వెళ్తాడు. ఆ కుర్చీ ఖాళీయా, కాదా? ఖాళీయే అని కూర్చున్నవాడు ఏమవుతాడో అక్కడ చదివినవాళ్ళకు తెలుసు. పలకని పేరును లేని మనిషిగా లెక్కించకూడదన్నది పూర్వపక్షం. సీసాలో నీళ్ళు నాచు పట్టేదాకా కుర్చీ కాపాడలేమన్నది సిద్ధాంతం. నేను సిద్ధాంతం వైపే.

'పొండు' అన్నాడు గాని ఎక్కడికో కవి చెప్పలేదు. ఇది లోపం. మొజిల్లా వాళ్ళు తమ ఐఆర్‌సీకి 2020 మార్చిలో తాళం వేసినప్పుడు మ్యాట్రిక్స్‌లో గదులు సిద్ధం చేసి మరీ వేశారు. ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ కథ వేరు. 2021 మే నెలలో అజమాయిషీ తగాదా వచ్చి కావలివాళ్ళే మూకుమ్మడిగా లేచిపోయి లిబెరా పెట్టుకున్నారు. వికీమీడియా, ఉబుంటు వాళ్ళూ సామాను సర్దుకుని వెనకే వెళ్ళారు. కాబట్టి 'మనమేల కావలి' అన్న ప్రశ్న చిన్నది కాదు. ఇక్కడ మాట రాస్తే అక్కడ కనిపించేలా రెండు గదుల నడుమ వంతెన వేసుకోవచ్చు కదా అంటారు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన మన నెత్తిమీద తెరుచుకున్న 2023 ఆగస్టులోనే మ్యాట్రిక్స్‌కూ లిబెరాకూ మధ్య ఉన్న వంతెన మూతపడింది. వంతెనకూ కావలి కావాలి మరి.

'వలదని పలుకడో' అన్నది పద్యానికి ఆయువుపట్టు. అపాచీ సంస్థలో ఇది ఉన్న పద్ధతే. ప్రతిపాదన పెట్టి కనీసం 72 గంటలు ఆగుతారు, ఎవరూ అడ్డు చెప్పకపోతే సరేనన్నట్టే. మా కవి ఏడు రోజులిచ్చాడు, ఉదారుడు. కాని ఎవరూ చదవని గదిలో తాఖీదు అంటించి, ఎవరూ పలకలేదు కనుక అందరూ ఒప్పుకున్నారనడం ఏ న్యాయమో న్యాయసూత్రాల గౌతముడు చెప్పలేదు. పైగా మౌనం అర్ధాంగీకారమే గాని పూర్ణాంగీకారం కాదు. తొమ్మిది మౌనాలకు నాలుగున్నర ఓట్లు వస్తాయి, పదకొండు మందిలో అది మెజారిటీ కూడా కాదు.

ఒక్క మాట పద్యంలో ఇమడలేదు. ఐఆర్‌సీ దేన్నీ దాచదు గాని, అటక మీద మా బాటు పదేళ్ళుగా ప్రతి మాటా రాసి పెట్టుకుంది. ఒత్తులు విరిగిన ఫాంటును ఎలా బాగుచేశామో, ఏ అనువాదంపై ఎవరు అలిగారో అంతా అందులో ఉంది. తాళం వేయండి, ఆ చిట్టా మాత్రం ముందు దింపండి. జాడీలు ఒక పూట ఆగుతాయి.

ఉపసంహారం: 2013 జులై 14న, మన దేశంలో తంతి సేవల చివరి రోజున, జన్మలో తంతి పంపనివాళ్ళు కూడా తంతి ఆఫీసుల ముందు వరస కట్టారు. మా గదిలోనూ అదే జరిగింది. ఏడో రోజు రాత్రి ఎవరో వాట్సాప్‌లో చెబితే అందరూ వచ్చారు. రెండేళ్ళలో లేనన్ని మాటలు రెండు గంటల్లో పడ్డాయి. ఇక ఇది 'మాట లేని గది' ఎలా అవుతుంది, మొదటి పాదమే కొట్టుకుపోయింది కదా అని ఒకరు లేవదీశారు. నిర్వాహకుడు అప్పటికే నిచ్చెన మీదున్నాడు. చిట్టాలో ఆఖరి పంక్తి పన్నెండు గంటలకు ఒక నిమిషం ముందుది: "ఆగండి, నేను వలద

(ఇచట గ్రంథపాతము)