మా రోజుల్లో అప్‌డేట్ అడిగి వచ్చేది

మా రోజుల్లో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కావాలంటే మనిషి బస్సెక్కాలి. చేబ్రోలులో గుంటూరు బస్సు పట్టుకుని, అక్కడ కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపులో సీడీ అడిగి తెచ్చుకునేవాళ్లం. తెచ్చిన రోజే వేసేవాళ్లం కాదు. మా డీటీపీ షాపులో ఒప్పుకున్న పనులు ముందు ఒడ్డున పడాలి. ఫైళ్లన్నీ ఇంకో సీడీలోకి ఎక్కాలి. పాత వెర్షన్ సీడీ బీరువాలో భద్రంగా ఉందో లేదో చూసుకోవాలి. అప్పుడు వేసేది, అదీ రాత్రిపూట. కొత్తది తేడా చేసిందంటే తీసి పారేసి, పాతది వేసుకుని, పొద్దున్నే షట్టర్ ఎత్తేవాళ్లం.

ఇప్పుడో? మాఘమాసం ముహూర్తాలు నెత్తిన ఉంటాయి. శుభలేఖ ప్రూఫ్ కోసం పెళ్లికూతురి తండ్రి స్టూలు మీద కూర్చుని ఉంటాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ అప్‌డేట్ అవుతున్నానని, తనను ఆపొద్దని తెర నిండా రాసి చూపిస్తుంది. ఇరవై శాతం అంటుంది, నలభై అంటుంది, ఎంతసేపో మాత్రం చెప్పదు. "అంతా ఆటోమేటిక్ బాబాయ్, మన చేతిలో ఏం లేదు" అంటాడు షాపులో కుర్రాడు. నాకు ఒళ్లు మండేది ఆ మాటకే. డబ్బు పోసి కొన్న మిషన్ నా చేతిలో లేకపోవడమేంటి?

ఇది ఒక్కరోజులో రాలేదు. విండోస్ 98లో మనమే నెట్‌లోకి వెళ్లి అప్‌డేట్ తెచ్చుకోవాలి. 2000లో విండోస్ ఎంఈ వచ్చాక దానంతట అది రావడం మొదలైంది. 2003 అక్టోబరు నుంచి నెలకో రోజు పెట్టుకున్నారు: రెండో మంగళవారం. అమెరికాలో పొద్దున పదింటికి వదిలితే మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. అంటే బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి సిద్ధంగా కూర్చుని ఉంటుందన్నమాట. అప్పట్లో ఇష్టం లేకపోతే ఆపుకునే మీట ఉండేది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఇళ్లలో వాడే హోమ్ ఎడిషన్‌లో ఆ మీట లేకుండా చేశారు.

ఇది ముసలాయన సణుగుడని కొట్టిపారేయొద్దు. తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అదే ఆఖరుది, అడోబ్ వాళ్లు ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయారు. మేం వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాలు, వత్తులు కూర్చిన పాత పద్ధతి. కింద సిస్టం కదిలితే పైన వత్తు చెదురుతుంది. మా ఊళ్లో దొరికిన సాతవాహన విజయుడి శాసనం క్రీ.శ. 207 నాటిది, ఇవాళ్టికీ చదవగలుగుతున్నారు. నేను కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లు కొన్ని తెరిస్తే చుక్కలూ గీతలూ కనపడుతున్నాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లు కొందరు ఇప్పుడు లేరు. మళ్లీ ఎవరు రాస్తారు?

అప్‌డేట్లే వద్దని నేను అనను. 2017 మే 12న వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి విరుగుడు మార్చి 14నే విడుదలైంది. రెండు నెలలు చేతిలో ఉండీ వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. అలాంటివి ఆగమేఘాల మీద రావాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ 2024 జులై 19న ఏం జరిగింది? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ ఒక్క తప్పు ఫైలు పంపింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. గంటన్నరలోపే ఫైలు వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన మిషన్లు చాలావాటిని మనుషులు ఒక్కొక్కదాని దగ్గరికి పోయి లేపాల్సి వచ్చింది. ముందు కొందరికి పంపి చూసి, ఆ తర్వాత మిగతావాళ్లకి వదిలి ఉంటే ఇంత అయ్యేదా? మేం సీడీ తెచ్చి వారం ఆగింది అందుకే.

చెయ్యలేక కాదు. వడ్లమూడిలో చదివే ఒకబ్బాయి డెబియన్ లినక్స్ చూపించాడు. ఫలానా ప్రోగ్రాం కదలొద్దు అంటే దాన్ని హోల్డ్‌లో పెట్టొచ్చు. భద్రతకు సంబంధించినవి మాత్రం దానంతట అది వేసుకునేలా అమర్చొచ్చు. ఏ రోజు ఏం మార్చిందో లాగ్‌లో వరసగా రాసి ఉంటుంది. నేనడిగేది అంతే: ఏం మారుస్తున్నారో ఒక్క ముక్క తెలుగులో చెప్పండి, పని అయ్యేదాకా ఆగండి, నచ్చకపోతే పాతదానికి పోయే దారి ఉంచండి.

వాళ్లు చేసేదాకా నా ఏర్పాటు నాది. డీటీపీ మిషన్‌కి నెట్ వైరు పీకించేశాను. బ్యాంకు పనులు, మెయిళ్లు చూసే రెండో కంప్యూటర్‌కి మాత్రం ఏ అప్‌డేట్ వచ్చినా ఆ రాత్రే వేయిస్తాను. ఎంత తెలిసినవాళ్లు పెన్‌డ్రైవ్ తెచ్చినా ముందు ఈ రెండోదాంట్లో స్కాన్ అవ్వాలి, ఆ తర్వాతే డీటీపీ మిషన్‌కి పెట్టేది.