మైనస్‌లో పడ్డ మనవడు

నీళ్ల ట్యాంకు పొర్లితే మా వీధిలో అనాదిగా ఒక ఏర్పాటు ఉంది. ఎదురింటావిడ మేడ మీంచి "పిన్నిగారూ, మీ ట్యాంకు పోతోందండీ!" అని కేకేస్తుంది, మా ఆవిడ మోటారు కట్టేస్తుంది. ఇందులో చందా లేదు, పాస్‌వర్డ్ లేదు. ఇంజినీరైన మా మేనల్లుడికి ఇది నామోషీ అనిపించింది. ట్యాంకుకీ సంపుకీ మోటారుకీ సెన్సార్లు బిగించి, అవి చెప్పే ప్రతి ముక్కా రాసుకోవడానికి పాత కంప్యూటర్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు పెట్టాడు. చోటుంది కదా అని ఇంటి ఫోటోలూ, పొలం కాగితాల స్కాన్లూ అందులోనే పడేశాడు. అర్ధరాత్రి బ్యాకప్ తీసే ప్రోగ్రామూ తనే రాశాడు. "ఇంక నిశ్చింత మావయ్యా" అన్నాడు. నా ఫిర్యాదంతా ఆ నిశ్చింత మీదే.

మనవడి అన్నప్రాశనలో వాడు ముందు పట్టుకున్నది పుస్తకమని మా ఆవిడ, నోట్ల కట్ట అని వియ్యపురాలు. ఫోటోయే సాక్ష్యం. బ్యాకప్ డిస్కు పట్టుకుని వియ్యాలవారింటికి వెళితే, అందులో పాత పెళ్లిళ్లన్నీ ఉన్నాయి, అన్నప్రాశన లేదు. పొలం కాగితాల కొత్త స్కాన్లూ లేవు. వియ్యపురాలు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే తెలుసు.

కంప్యూటర్ చిట్టా తీస్తే ప్రతి రాత్రీ ఒకటే రోదన: మైనస్ 2147483595 నంబరు ఫోటో దొరకలేదు, బ్యాకప్ ఆపేస్తున్నాను. మైనస్ నంబరు ఫోటో ఏమిటయ్యా? నా మనవడు అప్పుల పద్దులో ఎప్పుడు పడ్డాడు?

విచారణలో తేలిందిది. పోస్ట్‌గ్రెస్ లోపలి వస్తువులకి ఓఐడీ అనే నంబరు ఇస్తుంది. దాని ఖానా 32 బిట్లు, అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాకా పడుతుంది. పోస్ట్‌గ్రెస్ ధర్మంగానే ఉంది. మా వాడి ప్రోగ్రామే అదే 32 బిట్లని సగం మైనస్‌లకి వదిలేసి చదివింది. దాని లెక్క 2147483647తో సరి. ఆపైన ఒక్కటి పెరిగినా అంకె తలకిందులై మైనస్‌లో పడుతుంది. అసలు నంబరు 2147483701 అయిన అన్నప్రాశన అలా గల్లంతైంది.

ఇంటికున్న ఫోటోలు వేలల్లో ఉంటే నంబరు 214 కోట్లు ఎలా దాటింది? సెన్సారు పలికిన ప్రతిసారీ ఒక టెంపరరీ టేబుల్ సృష్టించి, క్షణంలో చెరిపేసేలా వాడు రాశాడు. టేబులు పోతుంది గానీ, దానికి ఖర్చయిన నాలుగైదు నంబర్లు లెక్కలోంచి పోవు. నంబర్లిచ్చే లెక్క అందరికీ ఒకటే మరి. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడు కాఫీ హోటల్లో ఖాతా పెంచితే అన్నగారి పొలం తాకట్టు పడ్డట్టు, నీళ్ల మోటారు ఖర్చుకి నా మనవడు బలయ్యాడు. ట్యాంకు పొర్లకుండా పెట్టిన యంత్రంలో అంకె పొర్లింది!

సెకనుకి వంద చొప్పున ఖర్చయితే ఆ 214 కోట్లు 248 రోజులు దాటగానే అయిపోతాయి. బోయింగ్ 787 విమానాలదీ ఇదే 248. అన్ని రోజులు ఆపకుండా కరెంటు ఇస్తే జనరేటర్ కంట్రోల్ యూనిట్లలో ఒక లెక్క నిండిపోయి కరెంటు పోయే ప్రమాదముందని 2015లో అమెరికా విమానయాన శాఖ ఉత్తర్వు ఇచ్చింది. విరుగుడేమిటంటే, అప్పుడప్పుడూ ఆపి మళ్లీ వేయడం. మా టీవీ మెకానిక్ ఏళ్ల తరబడి చెబుతున్న వైద్యం అదే, ఏ ప్రభుత్వమూ గుర్తించలేదు.

మరి ప్రతి రాత్రీ బ్యాకప్ ఏడుస్తుంటే ఎవరికీ వినపడలేదేం? వినపడేలా మెయిలు వెళుతుందట, వాడి కాలేజీ అడ్రసుకి. చదువయ్యాక కాలేజీ దాన్ని మూసేసింది. ఈ మాటకి వాడు సిగ్గుపడకుండా గిట్‌ల్యాబ్ కథ చెప్పాడు. 2017 జనవరి 31న అక్కడ అసలు డేటా చెరిగితే, బ్యాకప్ కోసం వెతికారట. అది ఎప్పట్నుంచో రావడం లేదు, రావడం లేదన్న మెయిళ్లూ చేరలేదు. పెద్ద కంపెనీకే తప్పలేదు కదా అని వాడి సమర్థన.

ఇప్పుడు నంబరుని సరిగ్గా చదివేలా మార్చాడు, టెంపరరీ టేబుళ్లు తీసేశాడు. సెన్సారు వరసలకి 64 బిట్ల నంబర్లు పెట్టాడు, ఇవి ఇదే వేగంతో 292 కోట్ల ఏళ్లు వస్తాయట. అంతకాలం మోటారు వస్తుందా అంటే మాట మార్చాడు. నా షరతు ఒక్కటే: నెలనెలా పాల లెక్క చూసే రోజున, బ్యాకప్ డిస్కులోంచి ఏదో ఒక ఫోటో నా కళ్లెదుట తెరిచి చూపాలి. వాడు ఒప్పుకున్నాడు. అయితే ప్రతి నెలా రావడం కష్టమనీ, ఆ చూపించే పని దానంతటదే జరిగేలా ఇంకో ప్రోగ్రాము రాస్తాననీ అంటున్నాడు.