అన్నిటికీ కాలేయమే

బీజింగ్‌లో తియెన్‌తాన్ పార్కుకి పొద్దున్నే వెళ్తే చేతులు చరుచుకుంటూ వెనక్కి నడిచేవాళ్ల మధ్య, పేకాట రాయుళ్ల మధ్య ఎక్కడో ఒకచోట ఆయన దొరుకుతాడు. అందరూ ‘దాయే’ అంటారు, పెద్దాయన కదా! వైద్యం చదివింది లేదు. చేతిలో ఫ్లాస్కు, వేడినీళ్లలో తేలుతూ గోజీ పళ్లు, చామంతి పూలు.

“కనురెప్ప అదురుతోంది దాయే” అన్నారా, ఇక అయిపోయారే.

“ఏదీ, నాలుక చాపు నాయనా.” కళ్లజోడు నుదుటి మీదికెత్తి, షరాబు గీటురాయిని చూసినట్టు చూస్తాడు. తీర్పు మాత్రం ఎప్పుడో ఖాయమైంది. “కాలేయం. లోపల గాలి లేచింది.”

గాలి మాటకి ఆధారం లేకపోలేదు. రెండువేల ఏళ్లనాటి వైద్యగ్రంథం హ్వాంగ్‌దీ నైజింగ్ వణుకుల్నీ తలతిరుగుడునీ కాలేయం ఖాతాలోనే వేసింది. చైనా వైద్యం లెక్కలో కాలేయం రక్తాన్ని దాచుకుంటుంది, స్నాయువులకి తడి అందిస్తుంది, దాని వాకిలి కళ్లు. రక్తం తగ్గిందా, స్నాయువులు ఎండి లోపల గాలి పుడుతుంది, కండ అదురుతుంది. కోపం కాలేయానికి పడదు. రాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా దాని వేళ, అప్పుడు ఫోను చూస్తూ కూర్చోకూడదు. చెమట అతిగా పట్టించినా కండలు అదురుతాయని వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ 1800 ఏళ్ల కిందటే రాశాడు. అసలు వైద్యుడైతే నాడి పట్టి ఇవన్నీ తూచి చూస్తాడు. దాయేకి అంత తీరికేదీ?

“బూటు విప్పు.” పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గుంటలో, తాయ్‌చోంగ్ అనే బిందువు దగ్గర, తన బొటనవేలు దించుతాడు. రోగి కెవ్వుమంటాడు. “చూశావా, నొప్పుందంటే కాలేయమే!” అక్కడ అలా నొక్కితే రాతివిగ్రహం కూడా కెవ్వుమంటుంది.

తియెన్‌మా దుంప వేసి చేపతలకాయ పులుసు కాచుకోమని కూడా చెప్తాడు. రెండోవాడికీ అదే పులుసు, మూడోవాడికీ అదే.

ఓరోజు ఆయన ఎడమకన్నే అదిరింది. ఎడమకన్ను అదిరితే ధనం, కుడికన్ను అదిరితే కీడు అని అక్కడివాళ్ల నమ్మకం. మనలా ఆడా మగా తేడా చూడరు. దాయే ఫ్లాస్కు బెంచీ మీదే వదిలేసి లాటరీ కొట్టుకి పరుగెత్తాడు.

“మరి కాలేయం దాయే?”

“అది కుడికన్నుకి!”

నిద్ర చాలక, కాఫీ ఎక్కువై అదిరే రెప్ప చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. పేరు మాత్రం దాయే కొట్టేస్తాడు. ఆ అదురు చెంపకీ మూతికీ పాకితే మాత్రం బూటు విప్పకండి, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి.