దొర వేషం

నా లింక్డిన్ ఫొటోలో ఉన్న కోటు నాది కాదు. ఆ మాటకొస్తే ఎవరిదీ కాదు. తిరుపతి గాంధీరోడ్డులో ఒక స్టూడియో అతను కంప్యూటర్లో దాచిపెట్టుకున్న కోటది. మెడ దాకా నన్ను ఫొటో తీసి, మెడ కింద దాన్ని తగిలించాడు. "టై ఏ కలర్ పెట్టమంటావు?" అని కూడా అడిగాడు పాపం. ఎంసీఏ ముగించుకుని, కరోనా దెబ్బకు కాలేజీ వైపే చూడని కంపెనీలను తిట్టుకుంటూ ఇంట్లో కూర్చున్న 2020 అది. కోటు ఎవరిదైతేనేం, తలకాయ నాదే గదా అనుకున్నాను. ఆ తలకాయే నా కొంప ముంచింది.

లింక్డిన్లో పేరు కింద హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంటుంది. నేను ఒక్క అక్షరం కూడా వృథా పోనివ్వలేదు. ఫుల్ స్టాక్ డెవలపర్, ఏఐ ఎంథూసియాస్ట్, ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్, ప్రాబ్లమ్ సాల్వర్. స్కిల్స్ అప్పట్లో యాభై దాకా పెట్టుకోనిచ్చేవాళ్ళు, యాభై పెట్టాను. అందులో కుబర్నెటిస్ ఒకటి. దాన్ని ఎలా పలకాలో యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాను, అంతవరకే నా పరిచయం. ఈ స్కిల్స్‌కు పక్కవాళ్ళు సాక్ష్యం చెప్పే ఏర్పాటు కూడా ఉంది. మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ సాక్ష్యాలు చేబదుళ్ళలా తిరిగాయి. నా కుబర్నెటిస్‌కు మా రూమ్మేటు సాక్షి, అతని మెషీన్ లెర్నింగ్‌కు నేను సాక్షి. మేమిద్దరం కలిసి చూసిన మెషీన్ హాస్టల్ వంటింట్లో పిండి రుబ్బే గ్రైండర్ ఒక్కటే.

ఊరు దగ్గర 'గ్రేటర్ బెంగళూరు' అని పెట్టాను. రిక్రూటర్లు నగరం పేరుతో వడపోస్తారని, తిరుపతి అని ఉంటే ఆ జల్లెడ దాటలేమని సీనియర్లు చెప్పారు. అందులో కొంత నిజముంది. కాకపోతే మనం 250 కిలోమీటర్ల ఇవతల ఉన్నామన్నది అంతకన్నా పెద్ద నిజం.

పైగా ఒక పిచ్చి ధీమా. లింక్డిన్‌ను 2016లో 2,620 కోట్ల డాలర్లు పోసి కొన్నదీ, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ను 2018లో 750 కోట్ల డాలర్లకు కొన్నదీ మైక్రోసాఫ్టే. రెండుసార్లూ దానికి పెద్ద సత్య నాదెళ్ల, అనంతపురం జిల్లా మూలాలున్న మనిషి. మన సీమాయన చేతిలో ఉన్న దుకాణాలు మనల్ని చెయ్యి వదిలేస్తాయా అనుకున్నాను. ఆ దుకాణాల్లో నాలాంటివాళ్ళు కోట్లమంది ఉన్నారని అప్పుడు తట్టలేదు.

ఇక గిట్‌హబ్. మనం ఏ రోజు పని చేశామో ఆ రోజు గడి అక్కడ పచ్చబడుతుంది. వరసగా ఎన్ని రోజులు చేశామో చూపే లెక్కను వాళ్ళు 2016లోనే ఎత్తేశారు గానీ గళ్ళను ఉంచేశారు. మా బోటివాళ్ళకు అవి చాలు. చేసిన మార్పును నమోదు చేయడాన్ని కమిట్ అంటారు; దాని మీద పడే తేదీ మన కంప్యూటర్ చెప్పిందే. 2018 అని చెబితే గిట్ నోరుమూసుకుని 2018 అనే రాసుకుంటుంది. చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. ఒక టెక్స్ట్ ఫైల్లో చుక్క పెట్టడం, వెనకటి తేదీతో కమిట్ చేయడం, ఇంకో చుక్క పెట్టడం. అది తిరగడం పూర్తయ్యేసరికి నేను ఖాతా తెరవని సంవత్సరం కూడా పచ్చగా తయారైంది. సంక్రాంతి లేదు, సెమిస్టర్ పరీక్షలు లేవు, నేను పని చేస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ స్క్రిప్టు బాగానే రాశాను. దాన్ని మాత్రం ఎవరికీ చూపించలేను.

ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్ కథ ఇంకా ఘోరం. 2014 నుంచి ఏటా అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని డిజిటల్ ఓషన్ వాళ్ళు జరుపుతారు. 2020లో షరతు ఏమిటంటే, ప్రాజెక్టులకు నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే ఫలానా మార్పు చేర్చుకోండనే అర్జీలు, పంపితే టీషర్టు. ఆ ఏడు ఒక యూట్యూబ్ వీడియో చూసి మన దేశం నుంచి వేలమంది, ముక్కూ మొహం తెలియని ప్రాజెక్టుల రీడ్‌మీ ఫైళ్ళలో 'అద్భుతమైన ప్రాజెక్టు' అని తగిలించి పంపారు. ఆ ప్రాజెక్టులు నడిపేవాళ్ళు లబోదిబోమంటే, మూడో తేదీకల్లా నిర్వాహకులు నిబంధనలు మార్చుకోవలసి వచ్చింది. ఆ వేలమందిలో నేనూ ఉన్నాను. టీషర్టు రాలేదు. నా రిక్వెస్టుల మీద 'స్పామ్' అని అంటించిన చీటీ మాత్రం ఎవరు వెతికినా దొరికేలా ఉండిపోయింది.

తిరుపతి గంగజాతరలో దొర వేషం కడతారు. దాక్కున్న పాళెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందనీ, చివరికి దొర వేషం చూసి వాడు బయటికొచ్చాడనీ కథ. నా ఎత్తుగడా అదే. హెచ్చార్ అనే పాళెగాడు ఎక్కడో దాక్కుని ఉన్నాడు, దొరలా కనబడితే బయటికొస్తాడు. వచ్చాడు కూడా. వచ్చాక ఏం చెయ్యాలో గంగమ్మకు తెలుసు, నాకు తెలియదు.

2021 మొదట్లో ఒక కంపెనీ వీడియో ఇంటర్వ్యూకి పిలిచింది. అంతకు వారం ముందే అమ్మ నన్ను కొండకు తీసుకుపోయి కల్యాణకట్టలో కూర్చోబెట్టింది. ఉద్యోగం వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకోవడం లోకంలో పద్ధతి. మా అమ్మది వేరే లెక్క. "ముందే ఇచ్చేస్తే స్వామికి మొగమాటంగా ఉంటాది లేరా" అంది.

కెమెరా ఆన్ చేశాను. అవతల ఇద్దరు. కాసేపు మాటల్లేవు.

"ప్రొఫైల్లో ఉన్నది మీరేనా?"

అప్పటికే ఒకరి బదులు ఇంకొకరు ఇంటర్వ్యూకు కూర్చునే ప్రాక్సీల బెడద ముదిరి ఉంది. దొంగ బయోడేటాల బాధ అంతకన్నా పాతది. నాస్కామ్ 2006లోనే వేలిముద్రలు తీసుకుని మరీ నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది. కోటూ క్రాపూ ఉన్న ఫొటోకు, టీషర్టూ గుండూ ఉన్న నాకు పొంతన కుదరక ఆధార్ చూపించమన్నారు. చూపించాను. అందులో ఉన్నది మూడో మనిషి.

వెనకనుంచి అమ్మ తొంగిచూసింది. "వాడే సార్, మా అబ్బోడే. పోయిన వారం గుండు కొట్టించినాము. తిరపతిలోనే గదా ఉండేది, కొండకి పోను ఎంతసేపు!"

వాళ్ళలో ఒకాయన తెలుగాయనే. "బెంగళూరు అని రాశారే?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్క్రీన్ షేర్ చేసి నా గిట్‌హబ్ తెరిచాడు. చుక్కల ఫైలు నొక్కాడు. కిందికి జరుపుతూ పోయాడు. చుక్క, చుక్క, చుక్క. "మీకు ఎప్పుడూ జ్వరం కూడా రాదా?" అన్నాడు. తరవాత ఆ స్పామ్ చీటీలు. నాకు నేనే ప్రాక్సీగా కూర్చున్నానని ఆ క్షణంలో అర్థమైంది. ఆ కోటువాడికి తెలిసినవి నాకేవీ తెలియవు.

"పోనీ, ఎవరికైనా పనికొచ్చింది ఏదైనా రాశారా?"

మా మామ పాలకేంద్రానికి రాసిన ప్రోగ్రాం ఒకటుంది. వెన్నశాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) కొడితే లీటరు ధర తేల్చి బిల్లు వేస్తుంది. పల్లెటూరి వ్యవహారమని, వేరియబుళ్ళకు పాలు, పూట అని పేర్లు పెట్టానని సిగ్గుపడి ప్రొఫైల్లో చేర్చలేదు. చెప్పాను. "పైసలు ఎక్కడ రౌండ్ చేశావు, పూటపూటకా, బిల్లు చివరా?" అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మొదట పూటపూటకూ చేశాను, రెండు రూపాయలు తగ్గాయని ఒకామె మా మామతో పోట్లాడింది, అప్పటినుంచి అంతా పైసల్లో పూర్ణసంఖ్యలుగా దాచి చివర్లో చేస్తున్నాను అన్నాను. పావుగంట దాని మీదే మాట్లాడుకున్నాం.

ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

తరవాత బెంగళూరులో ఒక సీనియర్ మాటసాయంతో కుదురుకున్నాను. ఫొటో మార్చాను. చుక్కల రిపాజిటరీ తీసేశాను. ఆ గళ్ళన్నీ తెల్లబోయాయి. అలాగని బాగుపడ్డానని చెప్పను. నౌక్రీ సైటులో రిక్రూటర్లు ఈమధ్య కదలిక ఉన్న ప్రొఫైళ్ళనే ఏరుకుని చూసే వీలుంది. అందుకని ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళు రోజూ హెడ్‌లైన్లో ఒక ఫుల్‌స్టాప్ తీసి సేవ్ చేస్తారు, మళ్ళీ పెట్టి సేవ్ చేస్తారు. నేను ఉద్యోగంలో ఉండి కూడా ఆదివారం రాత్రుళ్ళు ఆ పని చేస్తుంటాను. మన కంపెనీకి మనం కనబడకుండా చేసుకునే మీట ఉంది, అదీ నొక్కి ఉంచాను.

మొన్న ఇంటికి పోయినప్పుడు అమ్మ చూసింది.

"మళ్ళా ఉద్యోగం వెతుక్కుంటా ఉండావా? మొక్కేదా?"

"మొక్కుకో. ఈసారి ఆఫర్ లెటర్ చేతికొచ్చినాకే కొండకి పోయేది" అన్నాను.