కులీ కుతుబ్ షా వారికి నిజాంపేట నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ మహమ్మద్ కులీ కుతుబ్ షా వారి దివ్య సముఖమునకు, నిజాంపేట వాస్తవ్యుడు, రెండు పడగ్గదుల ఫ్లాటు యజమాని, బ్యాంకు అప్పు ఇంకా తీరనివాడు వ్రాసుకొను విన్నపము.

ఇంతమంది అధికారులుండగా 1612లో కాలం చేసినాయనకి రాయడమేమిటని మా ఆవిడ అడిగింది. అధికారులు బదిలీ అవుతుంటారు, ఆయన ఎక్కడికీ పోడు కదా అన్నాను. పైగా ఈ కేసులో ఏ-1 తమరే. 1591లో హైదరాబాదుకి పునాది వేస్తూ, ఇది జనంతో నిండిపోవాలని తమరు దేవుణ్ణి వేడుకున్నారని ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. వేడుకోలు బాగానే ఉంది. ఎంతవరకు నిండాలో, ఎక్కడ ఆపాలో ఒక్క ముక్క కలిపి ఉంటే సరిపోయేది. పైవాడు పొల్లుపోకుండా మంజూరు చేశాడు. 2011 లెక్కల్లో నగరం, శివార్లు కలిపి 77 లక్షలు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది గానీ, పొద్దున ఎనిమిదింటికి మా లిఫ్టు దగ్గర నిలబడ్డ ఎవరికైనా కోటి ఎప్పుడో దాటేశామని తెలిసిపోతుంది.

నగరాలు పెరగడానికి నేను వ్యతిరేకిని కాను. ఎంత పెరగాలన్నదే ప్రశ్న. పండితులు తలా ఒక కొలత చెబుతారు. నా కొలత ఒక్కటే: నేను గృహప్రవేశం చేసిన రోజు ఎంత ఉందో అంత. ఆ రోజు బాల్కనీలోంచి చూస్తే తుమ్మచెట్లు, నాలుగు గేదెలు, వాటి అవతల చెరువు. 'లేక్ వ్యూ' అని బిల్డరు అడుగుకింత చొప్పున అదనంగా కట్టించుకున్నాడు. మేం సామాను దించాం, పాలు పొంగించాం, నగరాభివృద్ధి పూర్తయింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా రద్దీ కిందికి వస్తారు. ఇంత తేలిక తేడా ప్రభుత్వాలకు ఎందుకు బోధపడదో!

ఇప్పుడు చెరువుకీ మాకూ మధ్య ఒక టవరు. అందులోవాళ్లూ లేక్ వ్యూకి డబ్బు కట్టినవాళ్లే. వాళ్ల ముందర ఇంకొకటి లేస్తోంది. వేరే నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్‌ఎస్‌ఐ అనే లెక్క ఉంటుంది. మన దగ్గర 2006 నిబంధనలతో ఆ లెక్క ఎత్తేశారు. రోడ్డు వెడల్పుందా, చుట్టూ జాగా వదిలారా, ఇక ఆకాశం మీ ఇష్టం. చెరువు మాత్రం మాట తప్పే రకం కాదు. 2020 అక్టోబరు వానలకి తనే లేచి మా సెల్లార్లోకి వచ్చి, కార్ల అద్దాల దాకా నిండి, కింది ఫ్లాటు, పై ఫ్లాటు అని చూడకుండా అందరికీ సమంగా వ్యూ ఇచ్చి వెళ్లింది.

ఇక నీళ్లు. గోల్కొండ ఇరుకైపోయి, నీళ్లకి కటకటై తమరు మూసీ దాటారని చెబుతారు కాబట్టి ఈ బాధ తమరికి విడమరచి చెప్పనక్కర్లేదు. 1908 వరద ఊరిని ముంచాక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. అవి చాలక మంజీర దాకా పోయాం. అదీ చాలక 2004లో నూరు కిలోమీటర్ల పైమాట దూరం నుంచి కృష్ణని పైపులెక్కించాం. 2015 పుష్కరాలకి జనమంతా గోదావరికి వెళ్తే, ఆ ఏడే గోదావరి హైదరాబాదుకి వచ్చింది. ఇక మిగిలింది గంగ. ఇప్పుడు లేస్తున్న ఆ కొత్త టవరు పూర్తయ్యేలోపు దానికీ టెండర్లు పిలవక తప్పదు.

ఇన్ని నదులు నడిచొచ్చినా మే నెలలో మాకు దిక్కు ట్యాంకరే. అది రాత్రి రెండింటికి వస్తుంది. వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో "సార్, బండొచ్చింది" అనగానే అసోసియేషన్ యావత్తూ లుంగీలతో దిగుతుంది. సంపు మూత ఎత్తడానికి ఇద్దరు, సెల్‌ఫోన్ లైటు పట్టడానికొకరు, ట్యాంకరు నిండుగా ఉందో లేదో ఎక్కి చూడటానికి సెక్రటరీ గారు. ఆయన రిటైర్డ్ ఆడిటరు. చెయ్యి లోపల పెట్టి, "జానెడు తక్కువుంది బాబూ" అంటాడు. "గతుకుల్ల తొణికింది సారూ, ముందు రోడ్డేయించుకోండ్రి" అంటాడు డ్రైవరు. పైపు అతికిన చోట ఎంత గుడ్డ చుట్టినా చిమ్ముతూనే ఉంటుంది. అక్కడ బకెట్టు పెట్టే హక్కు మా ఆవిడది, మా తులసి బతికేది ఆ నీళ్లతోనే. ఓ రాత్రి ఉండబట్టలేక, ఎక్కడివయ్యా ఈ నీళ్లని అడిగాను. "పొలం బోరుయి సారూ. మొన్నటిదాంక ఆడ వరేస్తుండె. ఇప్పుడు నీళ్లే పంట" అన్నాడు.

మా ఒక్కరి గోడే కాదిది. జకార్తాలో బోర్లతో తోడీ తోడీ ఊరే కిందికి దిగుతోంది. కొన్ని పేటలు మీటర్ల లెక్కన కుంగితే, సముద్రానికి గోడ అడ్డం పెట్టుకుని కాపురం చేస్తున్నారు. చివరికి 2019లో రాజధానిని బోర్నియో అడవుల్లోకి మారుస్తున్నట్టు ప్రకటించారు. ఉన్న ఊరు చాలకపోతే ఊరే మార్చడం తమరు చూపిన దారే కదా. అదే ఏడు చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. 2018లో కేప్ టౌన్‌లో మనిషికి రోజుకి 50 లీటర్లే వాడాలన్నారు. గీజర్లో వేడినీళ్లు వచ్చేదాకా మా అబ్బాయి వదిలేసేవే అన్నుంటాయి.

2050 నాటికి భూమ్మీద నూటికి 68 మంది పట్నాల్లోనే ఉంటారని, మన దేశ నగరాలకే కొత్తగా 41.6 కోట్ల మంది చేరతారని ఐక్యరాజ్యసమితి 2018లో అంచనా కట్టింది. వీళ్ల బళ్లు ఎక్కడ పెడతారో మాత్రం ఎవరూ చెప్పరు. అయితే వచ్చేవాళ్లందరికీ బండి ఉండదు లెండి. ఆ కొత్త టవరు కడుతున్న ఒడిశా, బీహారు కూలీలు దాని నీడలోనే రేకుల షెడ్లలో ఉంటారు. పగలంతా గోడలకి నీళ్లు పట్టి, సాయంత్రం తాగడానికి డబ్బాలు పట్టుకుని మా గేటు దగ్గరికి వస్తారు. రోజుకి రెండు బిందెలు ఇవ్వవచ్చునా అన్న తీర్మానం మా అసోసియేషన్ ముందుంది. కోరం లేక వాయిదా పడుతోంది.

మా ఇల్లు అంగుళం కదల్లేదు గానీ దాని హోదా మాత్రం ఆగకుండా పెరిగింది. అప్పటిదాకా పంచాయతీలుగా ఉన్న నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లను కలిపి 2019లో ఏకంగా కార్పొరేషన్ చేశారు. కొరియర్ కుర్రాడు మాత్రం ఇప్పటికీ "అంకుల్, వాటర్ ట్యాంక్ దాటాక లెఫ్టా, రైటా?" అనే అడుగుతాడు.

కావున ప్రభువులు దయతలచి, ఆ పాత వేడుకోలును రద్దు చేస్తూ పైకి ఇంకొకటి దాఖలు చేయవలసిందిగా కోరుతున్నాను. జనం ఇక చాలు. వచ్చినవాళ్లని పొమ్మనడం మర్యాద కాదు కాబట్టి, కొత్తవాళ్లకి మియాపూర్ దగ్గరే నచ్చజెప్పి వెనక్కి పంపితే మేలు.

ఒక చిన్న మినహాయింపు. రీజనల్ రింగ్ రోడ్డు వస్తుందంటే నర్సాపూర్ వైపు రెండొందల గజాలు కొని పడేశాను. ప్రస్తుతం అక్కడ హద్దురాళ్లు, మేకలు తప్ప ఏమీ లేవు. తమరి పాత వేడుకోలు ఆ వైపు మాత్రం అమల్లో ఉండాలి. గజం ధర రెట్టింపయ్యేదాకా జనాన్ని ధారాళంగా రానిచ్చి, నా రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా గిట్టుబాటయ్యాక ఆపితే చాలు.