తెర మీది నరుకుళ్లు, ఒళ్లోని పిలకాయలు: కొన్ని పెడసరం సలహాలు

నాలుగేళ్ల బిడ్డకి ఏ సినిమా చూపించవచ్చో పొదిలిలో ఏ తల్లినైనా అడగండి. "రక్తం లేకపోతే చాలు" అంటుంది. తండ్రినడిగితే "టీవీలో వచ్చిందిగా, ఏం కాదు" అంటాడు. నాయనమ్మ అయితే "బొమ్మల సినిమా పెట్టు, నాలుగు ముద్దలు తింటాడు" అంటుంది. ముగ్గురూ ప్రేమతోనే చెబుతారు, కానీ ముగ్గురి మాటా నేను ఒప్పుకోను. ఈ కింద రాసేవి పెడసరంగా కనిపిస్తాయి, ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ కూడా తెస్తాయి. అయినా ఒక్కోటీ నమ్మే రాస్తున్నాను, పాటించమనే రాస్తున్నాను.

నరసింహస్వామిని దాచకండి

గిద్దలూరు నుంచి నల్లమల దాటితే అహోబిలం. చంకలో బిడ్డతో ఎంతమంది వెళ్లిరావడం లేదు! హిరణ్యకశిపుణ్ణి తొడల మీద పడుకోబెట్టుకుని, గోళ్లతో పొట్ట చీలుస్తున్న స్వామి విగ్రహం ముందు నిలబడి, ఏ తల్లీ బిడ్డ కళ్లు మూయదు. "ఆయన ఎందుకలా చేశాడమ్మా?" అని బిడ్డ అడుగుతాడు. ప్రహ్లాదుడు చిన్నపిల్లాడనీ, కన్నతండ్రే వాణ్ణి కొండ మీంచి తోయించాడనీ, ఏనుగులతో తొక్కించాడనీ తల్లి చెబుతుంది. చంపాక కూడా స్వామి కోపం చల్లారకపోతే, దేవతలే దగ్గరికి పోలేకపోతే, ఆ పిల్లాడే వెళ్లి శాంతపరిచాడని చెబుతుంది. ఎవరికి దెబ్బ తగిలింది, ఎందుకు తగిలింది, కోపం ఎక్కడ ఆగింది, ఈ మూడూ ఆ కథలో ఉన్నాయి. బిడ్డకి కావలసినవి ఆ మూడే.

చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం ఉత్సవాల చివర దుర్యోధన వధ జరుగుతుంది. నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ పడుకోబెట్టి, భీముడి వేషగాడు తొడ విరిచే దాకా ఊరంతా చూస్తుంది. పిలకాయలు తండ్రుల భుజాల మీద కూర్చుని చూస్తారు. ఆ తొడ ఎందుకు విరగాలో వాళ్లకు ముందే తెలుసు, సభలో ద్రౌపదికి జరిగిన అవమానం రోజుల తరబడి కథగా విని ఉంటారు కాబట్టి. దసరాకి బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లో కూడా ఆ విల్లు చూసి ఎవరూ బెదిరిపోలేదు. పిల్లాడు కట్టెపుల్లని కత్తి చేసుకుని ఆడుతుంటే లాక్కోకండి. పక్కవాడి కంటికి తగలకుండా చూడండి, అంతవరకే.

కత్తిరించిన సినిమాని నమ్మకండి

తండ్రులు చెప్పే "టీవీలో వచ్చిందిగా" అన్న మాటకి ఇది జవాబు. పెద్దలకు మాత్రమే అని 'ఏ' సర్టిఫికెట్ వచ్చిన సినిమాని టీవీలో ఉన్నదున్నట్టు వేయడానికి లేదు. నెత్తురు కనిపించే ముక్కలు తీసేసి, మళ్లీ సెన్సారు బోర్డుకు పంపి, యూఏ తెచ్చుకున్నాకే వేస్తారు. ఆ కోతలో పోయేదేమిటి? గాయం పోతుంది, నొప్పితో మూలిగే మొహం పోతుంది. కొట్టడం మాత్రం మిగులుతుంది. హీరో కాలు లేపుతాడు, ఇరవై మంది గాల్లోకి లేస్తారు, ఒక్కడికీ నొప్పి పుట్టదు. నాలుగేళ్ల వాడికి దీనికంటే తప్పుడు పాఠం ఇంకొకటి ఉండదు.

అమెరికాలో 1990లలో టీవీ హింస మీద మూడేళ్లపాటు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. రక్తం కంటే దాన్ని కలవరపెట్టింది వేరే సంగతి: దెబ్బ తిన్నవాడి నొప్పి కనబడదు, కొట్టినవాడికి శిక్ష పడదు, పైగా అంతా హాస్యంగా నడుస్తుంది. చిన్నపిల్లల కార్టూన్లు సరిగ్గా ఈ మూసలోనివే. అందుకే నాయనమ్మ పెట్టే బొమ్మల సినిమా మీదే నాకు ఎక్కువ అనుమానం. సుత్తితో తల మీద కొడితే బుడిపె లేచి మరుక్షణం మాయమయ్యే బొమ్మకంటే, దెబ్బ తగిలి ఒక మనిషి ఏడ్చే సీను మేలు. మీరు పక్కన ఉండి "పాపం, ఎంత నొప్పి పుట్టిందో చూశావా?" అని అడగగలిగితే ఇంకా మేలు.

సర్టిఫికెట్ చదవండి, దాని మీద భారం వేయకండి

1983 దాకా మనకు యూ, ఏ రెండే ఉండేవి. ఆ ఏడు యూఏ వచ్చింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, ఆ యూఏనే 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టారు. ఓటీటీలకైతే ఈ మెట్లు 2021 నిబంధనల్లోనే ఉన్నాయి. 13, ఆపై మెట్లకి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు ఉండాలని కూడా అందులో రాశారు. ఆ తాళం వేసుకోండి, మంచిదే. అయితే 'బాహుబలి' రెండో భాగం 2017లో మన దేశంలో యూఏ. అదే సినిమాకి సింగపూర్‌లో 16 ఏళ్లలోపు వాళ్లని హాల్లోకే రానివ్వలేదు. మీ బిడ్డ ఏం తట్టుకుంటాడో ఆ బోర్డుకీ తెలియదు, ఈ బోర్డుకీ తెలియదు. తెలియవలసింది మీకు. ముందు మీరొక్కరే చూడండి. రెండున్నర గంటలు ఎక్కడ దొరుకుతాయంటారా? బిడ్డకి చూపించడానికి దొరికిన రెండున్నర గంటలే అవి.

'ఏ' అని రాసి ఉన్నదానికి మాత్రం ఈ వాదన ఏదీ వర్తించదు. మన చిన్న ఊళ్ల హాళ్ల గేటు దగ్గర పిల్లాడి వయసు అడిగే అలవాటు లేదు కదా అని లోపలికి తీసుకుపోవడం తప్పు. గేటు మనిషి అడగకపోతే మిమ్మల్ని మీరే అడగాలి.

మీరు విజిల్ వేసే సినిమాకి వాణ్ణి తీసుకుపోవద్దు

'సలార్' 2023 డిసెంబరులో విడుదలైంది, 'ఏ' సర్టిఫికెట్‌తో. అప్పుడొక హాల్లో సెకండ్ షోలో నా ముందు వరసలో ఒకాయన ఒళ్లో ఐదేళ్లు ఉంటాయేమో, ఒక పిల్లాడు కూర్చున్నాడు. నరుకుడు మొదలైనప్పుడు వాడు తెర వైపు చూడలేదు. మెడ వెనక్కి తిప్పి తండ్రి మొహంలోకి చూశాడు. తండ్రి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. పిల్లాడు ఒక క్షణం ఆగి, తండ్రి నవ్వుతున్నాడని తేల్చుకుని, తనూ నవ్వి చప్పట్లు కొట్టి, అప్పుడు తెర వైపు తిరిగాడు. నరుకుడు ఏ రకం సంగతో వాడు అక్కడే నేర్చుకున్నాడు. నేర్పింది తెర కాదు, తండ్రి మొహం.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో స్టాన్‌ఫర్డ్‌లో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన బొమ్మని ఒక పెద్ద మనిషి సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లలు, తమ చేతికి ఆ బొమ్మ దొరగ్గానే అలాగే బాదారు. నాకు ముఖ్యమనిపించేది 1965లో చేసిన రెండోది. ఈసారి బాదినవాడికి కొందరు పిల్లల ముందు బహుమానం ఇచ్చారు, కొందరి ముందు చీవాట్లు పెట్టారు. చీవాట్లు చూసినవాళ్లు తక్కువ బాదారు. కానీ తర్వాత "అతను ఏం చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం" అనేసరికి అందరూ దాదాపు ఒకేలా చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. బయటికి తీయాలో వద్దో మాత్రం పెద్దవాళ్ల స్పందన చూసి తేల్చుకున్నారు. హాల్లో మీ ఈల ఆ బహుమానమే.

అందుకని మీకు కళ్లనీళ్లు వచ్చే సినిమాకి పిల్లాణ్ణి తీసుకుపొండి. అందులో చావు ఉన్నా సరే. నాన్న ఒక మనిషి చచ్చిపోతే ఏడుస్తాడని వాడికి తెలియడం ఎంతో అవసరం. మీ అభిమాన హీరో సినిమాకి మీరొక్కరే వెళ్లి గొంతు పోయేలా అరిచి రండి, ఎవరొద్దన్నారు? సెకండ్ షోకీ బెనిఫిట్ షోకీ మాత్రం బిడ్డని ఇంట్లో ఉంచండి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయి, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాక, 16 ఏళ్లలోపు పిల్లల్ని ఉదయం 11కి ముందు, రాత్రి 11 తర్వాత హాళ్లలోకి రానివ్వొద్దని తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో మధ్యంతరంగా ఆదేశించింది. తర్వాత ఆ ఆంక్ష ఎత్తేశారు. మన ఇంట్లో మనం పెట్టుకున్న ఆంక్షని ఎత్తేసే కోర్టు లేదు.

"అదంతా ఉత్తిదే" అనకండి

దడుసుకున్న బిడ్డకి అందరం మొదట చెప్పే మాట ఇదే. ఏడేళ్లలోపు పిల్లల దగ్గర ఇది పెద్దగా పనిచేయదు. పిల్లల భయాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జోఆన్ కాంటర్ అనే అమెరికన్ పరిశోధకురాలు చెప్పింది కూడా ఇదే. చిన్నపిల్లల్ని భయపెట్టేది రూపం. 'అరుంధతి' సినిమాలో విలన్ పశుపతి ఏం నేరం చేశాడో నాలుగేళ్ల పిల్లకి పట్టదు, ఆ మొహం పట్టుకుంటుంది. అది నటుడి మొహమేననీ, రంగు పూశారనీ చెప్పినా ఆ రాత్రి నిద్రలో వచ్చేది ఆ మొహమే. పదేళ్ల వాడికైతే "ఉత్తిదే" అన్నది నిజంగానే ఊరట, వాణ్ణి భయపెట్టేవి జరగడానికి వీలున్న సంగతులు కాబట్టి. ఇద్దరికీ ఒకే మందు వేయకండి.

చిన్నదానికి కావలసింది ఒడి. గ్లాసుడు నీళ్లు తాగించండి, దగ్గరికి తీసుకోండి, లైటు వేసి ఉంచండి. మన వైపు దడుపు జ్వరం వస్తే తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. చదువుకున్నవాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారు, నేను చేయను. తాయెత్తులో ఏముందో అటుంచి, ఆ పూట ఇంటిల్లిపాదీ ఆ పిల్ల భయాన్ని నిజమని ఒప్పుకుంటారు, ఎవరో ఒకరు ఎత్తుకుని తిరుగుతారు. జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి చేయించండి. మన మార్కాపురం పలక ఒకప్పుడు దేశమంతా తిరిగింది. నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది గానీ ఇళ్లలో ఇంకా దొరుకుతుంది. పిల్ల చేతికి పలకా బలపమూ ఇచ్చి, భయపెట్టిన మొహాన్ని గీయమనండి. ఎలా గీసినా మీరు సరిచేయొద్దు. దానికి కళ్లెన్ని, పళ్లెన్ని అని అడగండి. తర్వాత ఆ పిల్ల చేత్తోనే తడిగుడ్డతో తుడిపించండి. మళ్లీ గీస్తానంటే గీయనివ్వండి. భయపెట్టిన బొమ్మ మీద ఆ పిల్లకి పెత్తనం వస్తుంది. కాగితం మీద గీస్తే ఆ మొహం ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి పలకే కావాలి.

సినిమా మధ్యలో పిల్ల ఏడిస్తే బయటికి తీసుకురండి, కానీ కథ అక్కడే వదలొద్దు. ఆ దయ్యం ఏమైందో, ఎవరు గెలిచారో ఇంటికి వచ్చాక చివరిదాకా చెప్పండి. ముగింపు తెలియని పిల్ల రాత్రంతా ఆ సగంలోనే ఉంటుంది.

వార్తలకు మాత్రం బేరం లేదు

ఇంతవరకు సడలించాను. ఇక్కడ సడలించను. నిజమైన మనిషి నిజంగా చచ్చిపోయేది బిడ్డ కంట పడకూడదు. ఒంగోలు రోడ్డులో యాక్సిడెంటు అని వాట్సాప్‌లో వచ్చే వీడియోలు, సీసీ కెమెరాకి చిక్కిన హత్యని ఎర్రగీత చుట్టి పదే పదే తిప్పే వార్తలు, రాత్రిపూట నటులతో నేరాన్ని మళ్లీ ఆడించే కార్యక్రమాలు, ఇవన్నీ పిల్లలున్న గదిలో పూర్తిగా బంద్. ఫైటింగ్ సినిమా చూపించనని పట్టుబట్టే ఇళ్లలోనే అన్నం వేళ న్యూస్ ఛానల్ నడుస్తుంటుంది. అదే దృశ్యాన్ని నలభైసార్లు తిప్పితే, అది నలభైసార్లు జరిగిందనుకునే వయసు వాళ్లది. నాయనమ్మలకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. "అమ్మా, వాడు పడుకున్నాక పెట్టుకుందువుగాని" అని నెమ్మదిగా చెప్పండి. చెప్పడం మాత్రం మానొద్దు.

ముద్దకీ ఫోనుకీ ముడిపెట్టడం గురించి చెప్పాలంటే, రెండేళ్లలోపు బిడ్డకి తెరే వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు గంట మించొద్దనీ మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2021లోనే చెప్పింది. ఫోనులో ఒక వీడియో తర్వాత ఏది వస్తుందో మీకూ తెలియదు. ముద్ద పెట్టే చేయి మీదే అయినా చూపించేది ఇంకెవరో.

ఆటల సంగతి కొద్దిగా. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021లో బీజీఎంఐగా తిరిగి వచ్చింది, రక్తానికి ఆకుపచ్చ రంగు పూసుకుని. రంగు మారితే బిడ్డకి ఒరిగేదేమీ లేదు. వందమంది దిగుతారు, ఒకడు మిగులుతాడు, వెంటనే ఇంకో ఆట మొదలవుతుంది. ఎందుకు చంపారో కథ లేదు, చచ్చినవాడికి పేరు లేదు, ఆగేచోటు లేదు. చిన్నపిల్లలకి వద్దు, అంతే.

అన్నకి పన్నెండు, తమ్ముడికి నాలుగు ఉంటే

అన్ని ఇళ్లలో వచ్చే చిక్కు ఇది. ఇద్దర్నీ తీసుకుపోతే చిన్నవాడు దడుసుకుంటాడు, ఇద్దర్నీ ఆపితే పెద్దవాడు అలుగుతాడు. పెద్దవాణ్ణి తీసుకుపొండి, చిన్నవాణ్ణి ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంచండి. తిరిగొచ్చాక ఆ కథ తమ్ముడికి చెప్పే పని అన్నకి అప్పజెప్పండి. పన్నెండేళ్ల పిల్లలు ఈ పని ఎంత బాధ్యతగా చేస్తారో చూడాలి. తమ్ముడు కళ్లు పెద్దవి చేస్తే అక్కడ గొంతు తగ్గిస్తారు, భయపడితే విలన్ని తొందరగా చంపేస్తారు, నవ్వితే అదే సీను రెండుసార్లు చెబుతారు. ఏ బోర్డూ ఒక్క బిడ్డని చూసి ఇంత కుదురుగా కత్తెర వేయలేదు. చెప్పడం అయ్యాక పెద్దవాణ్ణి పక్కకి పిలిచి, తమ్ముడు ఏమేం అడిగాడో, ఎక్కడ ఇక చాలన్నాడో కనుక్కోండి. వచ్చే పండక్కి చిన్నవాణ్ణి దేనికి తీసుకుపోవచ్చో వాడు చెప్పేదాన్నిబట్టి తేల్చుకోండి.