పిడి లాగితే వచ్చేది బీరా, బిల్డప్పా?

బ్రిటన్‌లో ఇకమీదట పబ్బు కౌంటర్ మీద మూరెడు పొడుగు పిడి కనిపిస్తే కళ్ళకద్దుకుని ఊరుకోవాలి. దాని అడుగున గొట్టం ఎక్కడికి పోతోందని అడిగారో, మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. కార్ల్స్‌బర్గ్ మార్‌స్టన్స్ కంపెనీ 2024లో ‘ఫ్రెష్ ఏల్’ అంటూ కొత్త సరుకు దించిన దగ్గర్నుంచీ, ఆ పిడి పంపులో భాగమో నాటకంలో భాగమో తేల్చుకునే పని తాగేవాడి నెత్తిన పడింది.

ఏర్పాటు మహా ముచ్చటైనది. రియల్ ఏల్ అనే సంప్రదాయ బీరు పీపాలోకి వెళ్ళాక కూడా పులుస్తూనే ఉంటుంది. దానికి బయటి గ్యాసు తోడు ఉండకూడదు. నేలమాళిగలోంచి మనిషి చేత్తో లాగితే పైకి రావాలి. పీపా తెరిచాక మూడు రోజుల్లో అమ్ముడుపోకపోతే రుచి చెడుతుంది, ఆ తర్వాత పారబోతే. కంపెనీకి గిట్టనిది సరిగ్గా ఈ మూడు రోజుల గడువే. అందుకని బీరుని గ్యాసుతో నడిచే సీలు వేసిన కెగ్‌లో నింపి రెండు వారాలు నిలవుండేలా చేశారు. చేస్తే చేశారు. కెగ్ బీరు ప్రపంచమంతా తాగుతోంది, కేసులేం లేవు. కాని కెగ్ బీరుకి ఉండేది మామూలు కుళాయి. కుళాయి తిప్పితే యాంబియెన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని చేతిపంపు పిడిని తెచ్చి దానికే తగిలించారు.

మన ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కుళాయికి పాత బోరింగు పిడి వెల్డింగ్ చేయించి, దాన్ని కిర్రు కిర్రుమని కొట్టి బిందె నింపి, ‘పాతాళగంగ తల్లీ, తాగు’ అంటే ఆడవాళ్ళు ఆ బిందెతోనే బుద్ధి చెబుతారు. లండన్‌లో మాత్రం దీన్ని ‘వినియోగదారుడి అనుభవం’ అంటారు.

ఆ పిడి చరిత్ర కాస్త చూడాలి. జోసెఫ్ బ్రామా అనే ఆయన 1797లో బీరు పంపుకి పేటెంటు తీసుకున్నాడు. తాళాలూ హైడ్రాలిక్ ప్రెస్సులూ చేసిన ఇంజనీరు. అంతకుముందు జగ్గు పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగడం, నింపుకుని ఎక్కడం. ఆ మెట్ల చాకిరీ తప్పించడానికి పుట్టిన యంత్రమిది. అంటే ఆ రోజుల్లో అది అచ్చంగా ఆటోమేషన్. దాన్ని చూసి ‘ఆహా, సంప్రదాయం’ అని మురిసినవాడు అప్పట్లో ఉండి ఉండడు. పని తగ్గించడానికి పుట్టిన పిడి రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి, పనేమీ లేకపోయినా పని చేస్తున్నట్టు కనిపించే ఉద్యోగంలో చేరింది. గవర్నమెంటు ఆఫీసులు గుర్తొస్తే ఈ కాలమ్ బాధ్యత వహించదు.

ఇప్పుడు దాని ప్రేక్షకుల్ని చూడండి. కౌంటర్ ముందు ఫోను నిలబెట్టుకుని, ఏప్రనేసుకున్న కుర్రాడు మోచెయ్యి వంచి లాగే దాకా ఆగి, రెండు మూడు లాగుళ్ళలో గ్లాసు నిండటం, పైన నురగ కూర్చోవడం రీలు తీసి, ఒక్క గుక్క తాగి, ‘కాస్త వెచ్చగా ఉందే’ అని మొహం చిట్లించి బల్ల మీద వదిలేసే వర్గం ఒకటి తయారైంది. పదకొండు నుంచి పదమూడు డిగ్రీల మధ్య ఇవ్వాల్సిన బీరు అది. ఐసు గడ్డలా ఉంటే రుచే తెలియదు. అది చెప్పే ఓపిక ఆ కుర్రాడికి ఉండదు. అతను గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఎమ్మెస్సీకి వెళ్ళిన పిల్లాడైతే, వీసా నిబంధన ప్రకారం కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. ఆ గంటల్ని ఉపన్యాసాలకు ఖర్చు పెట్టలేడు.

ఇంకో మాట, పక్కదారే అనుకోండి. పీపాలో మడ్డి అడుక్కి దిగడానికి చాలాచోట్ల వేసేది ఐసిన్‌గ్లాస్. అది చేప పొట్టలోని గాలితిత్తి నుంచి తీస్తారు. ఎగ్‌లెస్ కేకు కోసం లండన్ నాలుగు మూలలా వెతికే మన శాకాహార యాత్రికులు సంప్రదాయ పబ్బులో సంప్రదాయ పింటు లాగించి పవిత్రంగా బయటికొస్తున్నారు. శుభం.

పిడి మీద ఈ దగాను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది కామ్రా. నిజమైన ఏల్ కోసం పోరాడే సంఘం, లక్షకు పైగా సభ్యులు. పిడి చూసి జనం పీపా బీరనుకుంటారు, ఇది మోసమని వాణిజ్య ప్రమాణాల అధికారులకు ఫిర్యాదు చేసింది. బాగానే ఉంది. ఈ సంఘం 1971లో పుట్టింది మాత్రం ఇంగ్లండులో కాదు, ఐర్లండు పడమటి కొసన, కెర్రీ జిల్లా డన్‌క్విన్‌లోని ఒక బార్‌లో. సెలవుల్లో తిరగడానికి వెళ్ళిన నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళు తమ దేశపు బీరు పాడైపోతోందని పొరుగు దేశపు బార్‌లో కూర్చుని వాపోయారు. అప్పటి శత్రువు వాట్నీస్ రెడ్ బ్యారెల్ లాంటి కెగ్ బీరే. చప్పటి గ్యాసు నీళ్ళన్న పేరు దానికి. ‘రియల్ ఏల్’ అన్న మాటను జనంలోకి తెచ్చింది కూడా ఆ సంఘమే. అంటే తాతల నాటిదని కథలు చెప్పే ఆ మాట వయసు రంగుల టీవీ కన్నా పెద్దదేం కాదు.

అసలు మండేది ఇక్కడ. పిడి మీద ఇంత ప్రేమ ఒలకబోసిన కంపెనీ అదే ఏడాది జనవరిలో ఏం ప్రకటించిందో తెలుసా? బర్టన్ ఊళ్ళో పందొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తున్న యూనియన్ పద్ధతిని ఆపేస్తున్నామని. వరసగా పేర్చిన ఓక్ పీపాలు, వాటి పైన తొట్టి, పొంగిన ఈస్ట్ గొట్టాల్లోంచి ఎక్కి ఆ తొట్టిలో పడటం, బీరు తిరిగి పీపాల్లోకి జారడం. మార్‌స్టన్స్ వాళ్ళ పెడిగ్రీ బీరుకి పేరు తెచ్చింది ఇదే. ఇలా కాచే పెద్ద కార్ఖానా ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది. గిట్టుబాటు కాదని తీసేశారు. డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ అనే చిన్న బ్రూవరీ ఒక సెట్టు అడిగి పట్టుకెళ్ళి కాపాడింది. మిగతాది చరిత్ర. నిజంగా పనిచేసే పాత యంత్రం బరువైంది, ఏ పనీ లేని పాత పిడి ముద్దొచ్చింది. అదే ఏడాది జులైలో మార్‌స్టన్స్ ఆ ఉమ్మడి కంపెనీలో తన వాటాను కార్ల్స్‌బర్గ్‌కి అమ్మేసుకుని, 1834 నుంచి చేస్తున్న బీరు కాచే పని నుంచే తప్పుకుంది. ఇప్పుడది పబ్బులు నడిపే కంపెనీ మాత్రమే.

యాంబియెన్స్ వ్యాపారంలో వీళ్ళు చిన్నవాళ్ళే. నాటింగ్‌హామ్‌లో ‘ట్రిప్ టు జెరూసలెం’ అనే పబ్బు గోడ మీద 1189 అని రాసుకుంది. ఇప్పుడు కనిపించే కట్టడం అంతకు నాలుగైదు వందల ఏళ్ళు చిన్నది. బ్రిటన్‌లో అతి పాత పబ్బు ఏదన్న పోటీతో విసిగి గిన్నిస్ రికార్డుల వాళ్ళు 2000లో ఆ విభాగాన్నే ఎత్తేశారు. డబ్లిన్‌లో ఐరిష్ పబ్ కంపెనీ చెక్కబల్లలూ అద్దాలూ గోడ బొమ్మలతో సహా పబ్బుని తయారుచేసి ఓడల్లో పంపుతుంది. పల్లెటూరి గుడిసె కావాలా, విక్టోరియా కాలపు డబ్లిన్ కావాలా, కేటలాగు చూసి చెబితే చాలు. మన బేగంపేటలో బ్రిటిష్ ప్రధాని ఇంటి చిరునామానే పేరుగా పెట్టుకున్న పబ్బు ఏళ్ళ తరబడి నడిచింది. జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక పత్రికలో తనకిష్టమైన పబ్బుని వర్ణించి, చివర్లో అలాంటిది లేనే లేదని తేల్చేశాడు. వెదర్‌స్పూన్ కంపెనీ ఆ లేని పబ్బు పేరునే పట్టుకుని ఊరూరా బోర్డులు కట్టింది. మాంచెస్టర్‌లోదైతే ఒకప్పటి సినిమా హాలు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇకమీద నవ్వు రాదు.

2000లో బ్రిటన్‌లో 60 వేలకు పైగా పబ్బులుండేవి. ఇప్పుడు 45 వేల దగ్గరకొచ్చాయి. పోయినవాటిలో చాలావాటికి బీరు బాగాలేక కాదు, అద్దె కట్టలేక తాళం పడింది. 1989లో ప్రభుత్వం ఆరు పెద్ద బీరు కంపెనీల చేతిలో ఇన్ని పబ్బులుండటం తప్పంది. రెండు వేల పైచిలుకు ఉన్నవాళ్ళు పట్టు వదులుకోవాలంది. వాళ్ళు అమ్మారు. కొన్నది వీధిలో జనమా? పంచ్, ఎంటర్‌ప్రైజ్ లాంటి ఆస్తుల కంపెనీలు వేలకు వేలు పోగేసుకున్నాయి. పబ్బు అద్దెకు తీసుకున్నవాడు వాళ్ళు చెప్పిన బీరు వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి, పైగా అద్దె కట్టాలి. దీన్ని ‘టై’ అంటారు. తెల్లారే లేచి గొట్టాలు కడిగేదీ, పీపాలు దొర్లించేదీ, రాత్రి తాగి ఏడ్చేవాణ్ణి ఓదార్చి ఇంటికి పంపేదీ ఆ అద్దెదారుడే. మార్కెట్ అద్దె అడిగే హక్కు అతనికి 2016లో గాని రాలేదు, అదీ పెద్ద కంపెనీల పబ్బులకే. ఈ పాతికేళ్ళలో యాంబియెన్స్ వెతుక్కుంటూ వచ్చిన ఎంతమంది, ‘నీ అద్దె ఎంతయ్యా’ అని అతన్ని అడిగి ఉంటారు?

స్టాఫర్డ్‌షైర్‌లో క్రుకెడ్ హౌస్ అనే పబ్బు ఉండేది. 1765 నాటి ఇల్లు, కింద బొగ్గు గనులు తవ్వడంతో నేల కుంగి ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపల బల్ల మీద గోలీ వేస్తే ఎత్తుకి దొర్లుతున్నట్టు కనిపించేది. అది కూడా మార్‌స్టన్స్‌దే. 2023 జులైలో ఒక ప్రైవేటు కొనుగోలుదారుకి అమ్మేశారు. ఆగస్టు 5 రాత్రి తగలబడింది. రెండు రోజులు తిరక్కుండా బుల్డోజరు వచ్చి నేలమట్టం చేసింది. పోలీసులు కావాలని పెట్టిన మంటగా దర్యాప్తు మొదలుపెట్టారు. తిరిగి కట్టండని 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఆదేశించింది. లండన్ కిల్‌బర్న్‌లోని కార్ల్‌టన్ టావర్న్ పబ్బుని కూడా 2015లో అనుమతి లేకుండానే కూల్చారు. వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చడానికి అధికారులు అప్పటికే దాని కొలతలూ అచ్చులూ తీసి ఉంచడం, వీధివాళ్ళు పట్టు వదలకపోవడం వల్ల కూల్చినవాళ్ళచేతే ఇటుక ఇటుకా పేర్పించారు. 2021 ఏప్రిల్‌లో తలుపులు తీసింది. నకలే, కాదనడానికి లేదు. కాని ఆరేళ్ళు కొట్లాడి తెచ్చుకున్న నకలు మీద వెటకారం చేయడానికి ఈ కాలమ్‌కి నోరు రాదు.

ఇంతకీ ఈ యాంబియెన్స్ అన్నది ఏమిటి? చెక్కిన చెక్క తడికలు, మంచు పట్టినట్టుండే అద్దాలు, చిన్న చిన్న గదులు. ఫొటోలో భలే ఉంటాయి. ఆ తడికలు పెట్టిందే మనిషికీ మనిషికీ మధ్య. ఒకవైపు కూలివాళ్ళ పబ్లిక్ బార్, ఇంకోవైపు తివాచీ పరిచిన సెలూన్ బార్. అదే పీపా, అదే బీరు, అటువైపు ధర కాస్త ఎక్కువ. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో పాత్రికేయులు తాగే ఎల్ వీనో అనే వైన్ బార్‌లో ఆడవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి గ్లాసు అడిగితే ఇచ్చేవాళ్ళు కాదు, వెనకగదిలో కూర్చోమనేవాళ్ళు. 1982లో అప్పీలు కోర్టు చెబితే గాని మారలేదు.

బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో ఇంకా అన్యాయం. అక్కడి ఇనప ఫౌండ్రీల్లో ఒళ్ళు కాల్చుకుని పనిచేసే పంజాబీలకు పబ్బుల్లోని మంచి గదుల్లోకి ప్రవేశం ఉండేది కాదు. 1965 ఫిబ్రవరి 12న అక్కడి కార్మిక నాయకుడు అవతార్ సింగ్ జోహల్ వెంట అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ బ్లూ గేట్స్ పబ్బుకి వెళితే, స్మోక్ రూంలో మీకు పొయ్యం, బార్‌కి పొమ్మన్నారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో మాల్కమ్ ఎక్స్‌ని కాల్చి చంపారు. జాతి వివక్ష చట్టం ఆ ఏడాది చివర్లో వచ్చింది. ఆ గదిలో చెక్కపని చాలా అందంగా ఉండేదేమో, ఎవరికి తెలుసు.

తర్వాతి ముచ్చట బ్రిటన్ టూరిజం కరపత్రాల్లో పెద్దగా కనిపించదు. గెంటేసిన ఆ పబ్బుల్నే తర్వాతి దశాబ్దాల్లో పంజాబీలూ గుజరాతీలూ ఒక్కొక్కటిగా తీసుకున్నారు. ఊళ్ళో ఫౌండ్రీలు మూతపడి తెల్లవాళ్ళ పబ్బులు ఖాళీ అయినప్పుడు వీళ్ళు దీపం ఆర్పలేదు. వెస్ట్ బ్రామిచ్‌లో ద వైన్, స్మెథిక్‌లో రెడ్ కౌ, ఐవీ బుష్. బల్ల మీద పింటు, పక్కన ఉల్లిపాయ ముక్కల మీద చిటపటలాడే మిక్స్‌డ్ గ్రిల్, గోడ మీద ఫుట్‌బాల్. తాతా మనవడూ ఒకే బల్ల దగ్గర. ఈ ‘దేశీ పబ్బుల’ మీద డేవిడ్ జేసుదాసన్ రాసిన పుస్తకాన్ని కామ్రా వాళ్ళే 2023లో వేశారు. ఇరుగుపొరుగు పబ్బు ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి పోవాలి. రీలు తీసేవాళ్ళు పోరు. అక్కడ పిడి పక్కన మసాలా వాసన వస్తుంది, అది ‘ఆథెంటిక్’ కాదు కదా.

మన హైదరాబాద్ పబ్బులు బ్రిటన్ నుంచి బల్లలూ అద్దాలూ పేర్లూ తెచ్చుకున్నాయి గాని ఈ చరిత్రను ఎవరూ దిగుమతి చేసుకోలేదు. కొన్నిచోట్ల గేటు దగ్గర జంటలకే ప్రవేశం, ఒంటరి మగాళ్ళు వద్దు, చెప్పులేసుకున్నవాళ్ళు అసలే వద్దు. స్మెథిక్ స్మోక్ రూంలో ఆ మాట అనడం చట్టవిరుద్ధమై అరవై ఏళ్ళవుతోంది. జూబ్లీహిల్స్‌లో బౌన్సరు దాన్ని దర్జాగా అంటాడు, లోపలికి రానిచ్చినవాళ్ళ దగ్గర కవర్ చార్జీ కూడా వసూలు చేస్తారు.